ఎండలో బిగించిన తాడు: ట్రింకోమలీ నమూనా ఓడ కేస్ స్టడీ

2023 సెప్టెంబరులో, నా చేత ఓడ నమూనా చేయించుకున్న గుంటూరు బ్రాడీపేట పెద్దాయన నుంచి ఫోను వచ్చింది. "మీ ఓడ ముక్కు పైకెత్తిందండీ. మేము ఊళ్లో లేమని దానికి కోపం వచ్చినట్టుంది" అన్నారు ఆయన. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం చెమటలు పట్టాయి. పదిహేడు నెలలు కూర్చుని చేసిన నమూనా అది. తొమ్మిది నెలల కిందట నా చేతులతోనే అద్దాల పెట్టెలో దించి వచ్చాను. మే నెలలో తాళ్లు వదులయ్యాయంటే మళ్లీ వెళ్లి సరిచేసి కూడా వచ్చాను. ఆ సరిచేయడమే దాని కొంప ముంచిందని తరువాత తేలింది.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. బతుకుతెరువు భవనాల నమూనాలు. ఆర్కిటెక్టులకు అపార్ట్‌మెంట్లు, కల్యాణమండపాలు చేసి ఇస్తాను. ఓడలు ఇష్టం కొద్దీ చేస్తాను. దసరాకు కృష్ణలో తెప్పోత్సవం నాడు తిరిగే హంసవాహనం తప్ప ఓడ అనేది ఎరగని ఊరు ఇది. అందుకే ఓడ కావాలని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే బేరం ఆడబుద్ధి కాదు.

అలా వచ్చిన ఆ పెద్దాయన వాణిజ్య నౌకల్లో చీఫ్ ఇంజినీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తాను చూసిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక నమూనా కావాలన్నారు. బ్రిటిష్ నౌకాదళం కోసం బొంబాయిలో జంషెడ్జీ బొమన్‌జీ వాడియా చేత టేకుతో కట్టించిన ఫ్రిగేట్ అది. 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దిగింది. శ్రీలంకలోని ట్రింకోమలీ దగ్గర 1782లో జరిగిన నౌకాయుద్ధం మీద ఆ పేరు పెట్టారు. తేలుతూ మిగిలిన బ్రిటిష్ యుద్ధనౌకల్లో అన్నిటికన్నా పాతది. దీన్ని కట్టడానికి గీసిన పటాల నకళ్లు బొంబాయికి మోసుకొస్తున్న జావా అనే ఓడ 1812 డిసెంబరులో అమెరికా వాళ్ల చేతిలో ధ్వంసమైంది. నకళ్లు మళ్లీ పంపాల్సి వచ్చింది. "కాగితాలు సముద్రంలో పోయినా మనవాళ్లు కట్టారు, మీరు కాగితాలు చేతిలో పెట్టుకుని కట్టలేరా" అన్నారు. ఆ మాటకు లొంగిపోయాను.

1:72 నిష్పత్తి ఎంచుకున్నాం. నమూనాలో ఒక అంగుళం అంటే ఓడలో ఆరడుగులు. లెక్క నోటితోనే అయిపోతుంది. ఫిరంగుల అంతస్తు పొడవు 150 అడుగుల చిల్లర, నమూనాలో 25 అంగుళాలు. వెడల్పు దాదాపు 40 అడుగులు, నమూనాలో ఆరున్నర అంగుళాలు దాటుతుంది.

ఓడ పొట్ట గురించి ఎక్కువ చెప్పను, అక్కడ పెద్ద కష్టం రాలేదు. ప్లైవుడ్ అడ్డచట్రాలు, వాటి మీద పలకలు. ముందు, వెనుక వంపు ఎక్కువున్న చోట చట్రాల మధ్య ఖాళీల్లో తెల్లపొణికి ముక్కలు ఇరికించాను. కొండపల్లి బొమ్మలు చెక్కే కర్రే. చాకు పెడితే వెన్నలా తెగుతుంది, బరువు ఉండదు. వంపు సరిగా కుదరని చోట్ల పూడ్చడానికి బొమ్మల వాళ్లు వాడే మక్కు, అంటే చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద, కొన్న పుట్టీకన్నా బాగా పనిచేసింది. టేకు ఓడ కదా అని మొదట పాత గుమ్మం టేకు చీల్చి చూశాను. ఆ ఈనెలు, రంధ్రాలు 72 రెట్లు పెద్దవై కనిపించాయి. నిజం ఓడకు పనికొచ్చే కర్ర బొమ్మ ఓడకు పనికిరాదు. అడుగున రాగిరేకులు అంటించాను. అసలు రేకు నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. నమూనాలో 17 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్లు. ఫిరంగి గొట్టాలు ఆటోనగర్‌లో ఒక లేతు మిషన్ మీద ఇత్తడితో తీయించాను. పిస్టన్ పిన్నులు తీసే మనిషి నా కాగితం చూసి, "ఇవి దేనికండీ, కార్బురేటర్‌కా?" అని అడిగాడు.

ఒక్క తప్పు మాత్రం చెప్పాలి. వెనుకభాగం హార్టిల్‌పూల్ ఫొటోలు చూసి గుండ్రంగా చేశాను. 1840లలో ఈ ఓడను చిన్న తరగతి కార్వెట్‌గా మార్చినప్పుడు వెనుకభాగం ఆకారం మార్చారు. మేము చేస్తున్నది 1817లో పుట్టినప్పటి రూపం. రంపం పెట్టి కోసి, రెండు వారాల పని చెత్తబుట్టలో వేశాను. ఫొటోలో కనిపించేది ఏ వయసు ఓడో చూసుకోకుండా పని మొదలుపెట్టకూడదని అప్పుడు తెలిసింది.

తాళ్ల లెక్క

ఇలాంటి ఓడకు తాళ్లు రెండు జాతులు. కొయ్యల్ని, అంటే మాస్టుల్ని, కదలకుండా నిలబెట్టేవి ఒకటి. వాటికి తారు పూస్తారు కాబట్టి నల్లగా ఉంటాయి. తెరచాపల్ని, అడ్డకర్రల్ని ఆడించేవి రెండోది. ఇవి జనపనార రంగులోనే ఉంటాయి. ఈ కేసుకు మొదటి జాతే ముఖ్యం.

ఒక కొయ్యను ముందుకు లాగే తాడు స్టే. పక్కలకు, కొంచెం వెనక్కు లాగేవి శ్రౌడ్లు, బ్యాక్‌స్టేలు. మూడు కొయ్యలున్న ఓడలో వెనుక కొయ్య స్టే వచ్చి నడిమి కొయ్యకు పడుతుంది. నడిమి కొయ్య స్టేలు ముందు కొయ్య వైపు వస్తాయి. ముందు కొయ్య స్టేలు ఓడ ముక్కు నుంచి ఏటవాలుగా పొడుచుకొచ్చే బౌస్‌ప్రిట్‌కు, దాని కొసన ఉండే సన్నటి జిబ్‌బూమ్‌కు పోతాయి. ఆ బరువంతటినీ కిందికి గుంజి పట్టుకునేవి బాబ్‌స్టే, మార్టింగేల్ అనే తాళ్లు. అంటే వెనుక కొయ్య దగ్గర మొదలైన లాగుడు ఒకరి భుజం మీంచి ఒకరికి మారుతూ చివరికి ముక్కు కింద ఉన్న సన్నటి దారం మీద వచ్చి పడుతుంది. నేను ఈ సంగతి చదివాను, గీశాను, కట్టాను కూడా. కానీ అర్థం చేసుకున్నది కూలిన తరువాతే.

తాళ్ల మందం దగ్గర కొత్తవాళ్లు పడే గోతిలో నేను చాలా ఏళ్ల కిందటే పడి లేచాను. ఆనాటి ఆంగ్లేయుల పట్టికల్లో "9 అంగుళాల తాడు" అంటే 9 అంగుళాల మందం కాదు, చుట్టుకొలత. దాన్ని 3.14తో భాగిస్తే మందం సుమారు 73 మిల్లీమీటర్లు, నమూనాలో సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఈ భాగహారం మరిచిపోయినవాడి ఓడ పడవల రేవులో మోకులు చుట్టినట్టు ఉంటుంది.

ఇక పేనడం. వన్‌టౌన్‌లో దొరికే దర్జీ దారం అంతా ఒకే వైపు పురితో వస్తుంది. మూడు పోగులు కలిపి పేనితే తాడు పురి ఎదురు తిరిగి, ఎడమ వాటం తాడు తయారవుతుంది. ఓడ శ్రౌడ్లకు కావలసింది కుడి వాటం. అందుకని ముందు రెండేసి దారాలు ఎదురు పురితో కలిపి, అలాంటి పేటలు మూడు తీసుకుని మళ్లీ అసలు వైపు పేనాలి. పాత టేప్‌రికార్డర్ మోటార్లతో చేసుకున్న తాడు పేనే యంత్రం ఉంది నా దగ్గర. ఒక్కో తాడు ఆరు దారాలతో దిగుతుంది. లావు తాళ్లకు అంతకు రెట్టింపు.

ఇక్కడే అసలు పొరపాటు జరిగింది. శ్రౌడ్లు, బ్యాక్‌స్టేలు నల్ల పాలిస్టర్ దారంతో పేనాను. స్టేల దగ్గరికొచ్చేసరికి లావు తాడు కావాలి. పాలిస్టర్‌కు ఉండే మెరుపు లావులో ఎక్కువై కంటికి గుచ్చుకుంది. నూలు తాడు చూడటానికి అచ్చం జనపనార మోకులా ఉంటుంది. సరే అని స్టేలన్నీ నూలుతో పేని, రంగు వేసి, తేనెమైనం పట్టించాను. అందానికి ఒక జాతి, బలానికి ఒక జాతి అనుకున్నాను. ఆ తాళ్లన్నీ కట్టింది 2022 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, గోడలు చెమర్చే రోజుల్లో.

మే నెల, సెప్టెంబరు నెల

డిసెంబరులో ఓడను కారు వెనుక సీట్లో పరుపు మీద పెట్టుకుని, వారధి దాటి, మంగళగిరి దగ్గర ప్రతి స్పీడు బ్రేకరుకూ దేవుణ్ణి తలచుకుంటూ గుంటూరు చేర్చాం. హాలులో ఏసీ ఉంది. పెట్టెకు వెనుకవైపు గాలి ఆడే సందులు వదిలాను. చెక్క వాసనలు పెట్టెలో మగ్గితే లోహాలకు మంచిది కాదని అలా చేస్తాను. సీసంతో చేసిన ఫిరంగులు అలాంటి పెట్టెల్లో తెల్లటి పొడిగా రాలిపోతాయి. నావి ఇత్తడివి అయినా అలవాటు మానలేదు.

2023 మే నెలలో మొదటి ఫోను. స్టేలు వేలాడుతున్నాయన్నారు. వెళ్లి చూస్తే నిజమే, పెళ్లిపందిరి తోరణాల్లా ఉన్నాయి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల రాత్రింబగళ్లు ఏసీ. నేను చేసిన పని: లాన్యార్డుల్ని, అంటే స్టే కొసల్లో ఉండే బిగింపు దారాల్ని, కోసేసి, స్టేలు తీగల్లా మోగేదాకా లాగి, మళ్లీ కట్టి, చటుక్కున అంటుకునే జిగురు చుక్క వేసి వచ్చాను. గంటన్నర పని. కాఫీ తాగి, మెప్పు పొంది, సాయంత్రానికి ఇంటికి చేరాను.

జూన్ చివర్లో ఆ దంపతులు కొడుకు దగ్గరికి వెళ్లారు. ఇల్లు మూసి ఉంది, ఏసీ లేదు. రెండున్నర నెలలు వానలు.

సెప్టెంబరులో వెళ్లి చూసినప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. జిబ్‌బూమ్ కొస ఉండాల్సిన చోటుకన్నా 9 మిల్లీమీటర్లు పైకి లేచి, విల్లులా వంగి ఉంది. దాని కింద మార్టింగేల్ దారం తెగలేదు, జారిపోయింది. నున్నటి పాలిస్టర్ దారాన్ని ముడి లేకుండా జిగురుతో మాత్రమే పట్టించాను. కొలతలు సన్నం కదా, ముడి లావుగా కనబడుతుందని. ముందు కొయ్య పై తునక 3 మిల్లీమీటర్లు ముందుకు ఒరిగింది. బ్యాక్‌స్టేలు వీణ తీగల్లా ఉన్నాయి. ఓడలో ఎక్కడా ఒక్క తాడూ తెగలేదు. బలహీనమైన కర్రొకటి వంగి, మిగతా అందరినీ కాపాడింది.

పెద్దాయన పక్కన నిలబడి నెమ్మదిగా అన్నారు: "పాత తెరచాప ఓడల్లో వాన పడితే తాళ్లు కొంచెం వదులు చేసేవాళ్లు. జనపనార తడిస్తే బిగుస్తుంది కదా. మీకు తెలిసే ఉంటుంది." తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసి తల ఊపాను.

ఇంటికి వచ్చి అమ్మతో చెబితే ఆవిడ ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "నులక మంచం అల్లిన ఇంట్లో పుట్టి ఇది తెలియదా నాయనా? ఎండల్లో సాగి గుంట పడేది, వానాకాలం బిగుసుకునేది. అందుకే మీ తాత ఎండల్లో మంచం మరీ బిగించనిచ్చేవాడు కాదు. కోళ్లు విరుగుతాయనేవాడు." మంచం కోళ్లకూ ఓడ కొయ్యలకూ మధ్య ఉన్న చుట్టరికం పదిహేడు నెలలు ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

కారణం లోతుగా చూస్తే ఇలా ఉంటుంది. నూలు పోగు తేమ పీల్చి లావెక్కుతుంది. తాడులో పోగు నిటారుగా ఉండదు, పురి వెంట చుట్టు తిరిగి ఉంటుంది. చుట్టాల్సిన తాడు లావయితే ఒక్కో చుట్టుకు ఎక్కువ పొడవు ఖర్చవుతుంది. పోగు సాగదు కాబట్టి తాడు పొట్టిదవుతుంది. పురి ఎక్కువైన కొద్దీ ఈ గుణం ఎక్కువ. నేను తాడు బిగువుగా కనబడాలని పురి కసిగా ఎక్కించాను.

నమ్మకం కుదరక నాలుగు తాళ్లు కొలిచి చూశాను. మీటరు పొడవు చొప్పున నూలుది, మైనం పట్టించిన నూలుది, పాలిస్టర్‌ది, ఇంకొకటి నూలు, పాలిస్టర్ రెండూ కలిపి పేనినది. స్నానాలగదిలో కడ్డీకి వేలాడదీసి, కంసాలి దుకాణంలో కొన్న 50 గ్రాముల తూకపురాళ్లు కట్టి, కింద వేడినీళ్ల బకెట్ పెట్టి తలుపు మూశాను. రెండు గంటల్లో ఉత్త నూలుది 4 మిల్లీమీటర్లు పైకి లేచింది. మైనం పట్టించినది అప్పటికి ఒకటే లేచింది. సంతోషించాను. తెల్లవారి చూస్తే అదీ నాలుగుకు చేరింది. మైనం తేమను ఆపలేదు, ఆలస్యం మాత్రం చేసింది. పాలిస్టర్‌లో నా కంటికి తేడా కనిపించలేదు. కలిపి పేనినది మెలికలు పడి పాము చుట్టలా తయారైంది. ఇంట్లోవాళ్లు ఆ రెండు రోజులూ పక్కింటి స్నానాలగది వాడుకున్నారు.

విప్పడం, మళ్లీ కట్టడం

ఓడను మళ్లీ విజయవాడ తెచ్చాను. ఖర్చు నాదే. ఆయన ఇస్తానన్నారు, తీసుకోలేదు.

కట్టడానికి ఒక వరస ఉన్నట్టే విప్పడానికీ ఉంటుంది. తొందరపడి మొదట ముక్కు దగ్గర తాడు కోస్తే బ్యాక్‌స్టేలు మూడు కొయ్యల్నీ ఒక్కసారిగా వెనక్కి లాగేస్తాయి. అందుకని ముందు బ్యాక్‌స్టేలు పైనుంచి కిందికి ఒక జత వదిలి, తరువాత ఆ కొయ్యకే ఉన్న స్టే, మళ్లీ ఇంకో జత, ఇలా మార్చి మార్చి వదిలాను. జిగురు చుక్కలు పడిన చోట దారం గాజులా పెళుసుబారి ఉంది. వంచితే పుటుక్కున విరిగింది. అప్పటినుంచి తాళ్ల దగ్గర ఆ జిగురు వాడటం లేదు. నీళ్లు కలిపిన తెల్ల జిగురు ఆరడానికి సమయం పడుతుంది, కానీ తడిపితే మళ్లీ వదులుతుంది.

ఇంతకాలం నేను అపార్థం చేసుకున్న వస్తువు డెడ్‌ఐ. మూడు రంధ్రాల గుండ్రటి చెక్కబిళ్ల. శ్రౌడ్ కొసన ఒకటి, ఓడ పక్కన ఒకటి, రెండిటి మధ్య లాన్యార్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రతో, ఒక్కోటి 3 మిల్లీమీటర్లు, వందకు పైగా చేశాను. ఎంత ముద్దుగా ఉన్నాయో అని కళ్లకద్దుకుని, జిగురుతో గట్టిపరిచాను. కానీ అవి అలంకారం కోసం పుట్టినవి కావు. తారు పూసినా తాళ్లు సాగుతాయి, బిగుస్తాయి. అందుకని నావికులు ఎప్పటికప్పుడు సరిచేసుకోవడానికి పెట్టుకున్న పనిముట్లు. రెండు వందల ఏళ్ల కిందటి ఓడ తనతోపాటు తెచ్చుకున్న మందును నేను జిగురు పోసి మూసేశాను.

రెండోసారి కట్టినప్పుడు డెడ్‌ఐలకూ, స్టేల కొసన ఉండే బిళ్లలకూ లాన్యార్డుల్ని జిగురు లేకుండా, కొస చుట్టి కట్టి వదిలాను. విప్పి, లాగి, మళ్లీ చుట్టొచ్చు.

స్టేలన్నీ పాలిస్టరే. పేనిన తాడుకు అరకిలో బరువు కట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, రాత్రంతా వేలాడనిచ్చాను. అలా చేస్తే పురి ఊడిపోకుండా నిలుస్తుంది. మెరుపు చంపడానికి బాగా పలచన చేసిన మెరుపులేని ముదురు గోధుమ రంగు రెండుసార్లు పూశాను. మీటరు దూరం నుంచి నూలుదో కాదో చెప్పలేరు. అరమీటరుకు వస్తే తెలుస్తుంది, తెలియనివ్వండి.

జిబ్‌బూమ్ ఆవిరి పట్టి నిటారు చేయాలని చూశాను. నిటారయింది, మర్నాటికి మళ్లీ వంగింది. ఒకసారి వంగడం నేర్చుకున్న కర్ర అది. కొత్తది ముదురు వెదురు పేడుతో చేశాను. ఈనె నిలువునా పారుతుంది, సన్నగా చెక్కినా వంగదు. కణుపు తగలకుండా పేడు ఎంచుకోవడమే కష్టం. మార్టింగేల్‌కు ఈసారి ముడి వేశాను. లావుగా కనబడుతోంది. కనబడనీ.

బ్యాక్‌స్టేలు, శ్రౌడ్లు పాలిస్టరే కాబట్టి మార్చలేదు. శ్రౌడ్ల మీద నిచ్చెన మెట్లలాంటి రాట్‌లైన్లు ఉన్నాయి, వాటిని ముట్టుకోవాలంటేనే భయం. ప్రతి శ్రౌడ్ దగ్గరా గుంజకు పలుపు కట్టేటప్పుడు వేసే మెలికలాంటి ముడి. అలాంటివి వేలల్లో ఉన్నాయి. శ్రౌడ్ల మధ్య చెయ్యి దూరని చోట దారం అందుకోవడానికి పటకార్లకన్నా మగ్గం పని సూది గొప్పగా పనికొచ్చింది. జాకెట్ల మీద జరీ కుట్టే కొక్కెపు సూది. మా వీధి చివర మగ్గం పనిచేసే అమ్మాయి రెండు ఇచ్చి, "పూసలు గుచ్చుతారా అంకుల్?" అని అడిగింది. ఓడ చూపిస్తే ఒక ముడి వేసి చూపించింది, నాకన్నా వేగంగా.

బిగించే వరసలోనూ మార్పు చేశాను. ముందు ముక్కు కింది తాళ్లు, తరువాత ముందు కొయ్య, నడిమిది, వెనుకది. ఒక్కో స్టే సగం బిగించి, ఎదురు లాగే జత సగం బిగించి, మళ్లీ మొదటికి. తీగలా మోగే బిగువు వద్దు. వేలితో నొక్కితే కొద్దిగా లొంగి, వదిలితే తిరిగి నిలిస్తే చాలు. ఈ పనికి 26 రోజులు పట్టింది. వాటిలో నాలుగు రోజులు ఒకే ఒక తాడు చుట్టూ తిరిగాను, నడిమి కొయ్య పెద్ద స్టే. లావు, బిగువు రెండూ కుదరలేదు. మూడుసార్లు పేనాను.

తరువాతి ఏడాది

2024 మే నెలలో వెళ్లాను, ఆగస్టులో వెళ్లాను. పెట్టె లోపల వెనుక గోడకు జిబ్‌బూమ్ కొస ఎత్తులో పెన్సిలుతో సన్నటి గీత గీసి పెట్టాను. మేలో కొస గీత మీదే ఉంది. ఆగస్టులో అర మిల్లీమీటరు పైన ఉందో, నా కళ్లజోడు అలా చూపించిందో తేల్చుకోలేకపోయాను. రెండు శ్రౌడ్లు కొద్దిగా వదులైతే లాన్యార్డు విప్పి లాగి కట్టాను. పది నిమిషాల పని.

నూలు తాడు ఒక్కటి మాత్రం కావాలనే మార్చకుండా వదిలాను. వెనుక జెండా ఎగరేసే తాడు. దాని మీద ఏ బరువూ పడదు, అది ఎటు పోయినా ఏ కొయ్యనూ లాగదు. మొన్న ఆయన ఫోను చేసి ఓడ సంగతి చెప్పలేదు. "జెండా తాడు పొద్దున్నుంచి బిగుసుకుంది. మీ బెజవాడలో వాన మొదలైందా?" అని అడిగారు. కిటికీ తెరిచి చూశాను. వన్‌టౌన్ వైపు మబ్బు కమ్ముకుని ఉంది.